నలుపు తెలుపుల నవ్వు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలయందు పురాణేతిహాసములను గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. నేటి యుపన్యాస విషయము వేఱు. అమెరికా దేశమున ఏటేట అక్టోబరు 31వ తేదీ రాత్రి జనులు హాలోవీన్ అను దయ్యముల పండుగ చేసికొందురు. ఆ రాత్రి పలు గృహములందు ఎనుబది, నూఱేండ్లనాటి నలుపు తెలుపు బొమ్మల చిత్రములను, పొట్టి హాస్యచిత్రములను వేసికొని, పిల్లలును పెద్దలును కలిసి చూచి నవ్వుకొందురు. దయ్యమును జూచి నవ్వుట యేమి? రంగుల చిత్రములు కోకొల్లలుగా నుండగా వన్నెలేని పాత చిత్రములను వెదకి చూచుట యేమి? ఈ రెండు ప్రశ్నలను విచారించినచో, విషయము రసశాస్త్రమునకును, గ్రంథాలయ ధర్మమునకును గూడ చెందినదని తేలును.

ముందుగా పండుగ పుట్టుక. నవంబరు 1వ తేదీ క్రైస్తవులకు సకల పునీతుల పండుగ. దాని ముందటి రాత్రియే హాలోవీన్. అంతకు పూర్వమే ఐర్లాండు, స్కాట్లాండు సీమలందలి కెల్టు జాతులవారు కోతకాలము ముగిసి చలికాలము ప్రవేశించు సంధియందు సావిన్ అను పండుగ చేసెడివారు. ఆ రాత్రి బ్రదికినవారికిని చనిపోయినవారికిని నడుమ నున్న తెర పలుచబడునని వారి నమ్మిక. 19వ శతాబ్దమున వలసపోయిన ఐరిష్ జనులును, స్కాట్లును ఈ యాచారమును అమెరికాకు గొనిపోయిరి. స్వదేశమున టర్నిప్పు దుంపను తొలిచి దీపము పెట్టిన చేతులకు అచట గుమ్మడికాయ దొరకెను. నాటినుండి గుమ్మడికాయకు కన్నులు, ముక్కు, పండ్లు చెక్కి లోన దీపముంచుట వాడుకయైనది. పిల్లలు వేషములు వేసికొని ఇల్లిల్లు తిరిగి మిఠాయి లడుగుట 1930 ప్రాంతముల నుండి వ్యాపించినది. భాద్రపద బహుళపక్షమున పితృదేవతలను తలచుటయు, దీపావళి సాయంకాలమున పిల్లలచేత గోగుకాడల దివిటీలు త్రిప్పించుటయు ఎఱిగిన తెలుగువారికి ఈ భావము బొత్తిగా క్రొత్తది కాదు.

ఇక రసవిచారము. భరతముని నాట్యశాస్త్రము ఆఱవ యధ్యాయమున ఒక్కొక్క రసమునకు వర్ణమును, అధిదేవతను నిర్ణయించినాడు. హాస్యము తెలుపు, భయానకము నలుపు. భయానకమునకు దేవత కాలుడు. హాస్యమునకు దేవతలు ప్రమథులు. ప్రమథు లెవరు? శ్మశానవాసియగు శివుని వెన్నంటి తిరుగు భూతగణములు. నవ్వునకు దేవతలుగా భూతములనే నిలిపిన ఆ మహర్షి చూపు ఎంత లోతైనదో యోచింపుడు. అంతియే కాదు. వికృతమైన వేషము, మాట, చేష్ట హాస్యమునకు కారణములనినాడు. వికృతమైన కూతలు, భూతదర్శనము భయానకమునకు కారణములనినాడు. రెండింటికిని మూలము వికృతియే. ఒంటరిగా చీకటిలో నున్నవానికి ఆ వికృతి భయము గొల్పును. పదిమంది నడుమ కూర్చున్నవానికి అదే వికృతి నవ్వు పుట్టించును. తెల్లని తెరమీద నల్లని నీడలాడిన ఆ పాత చిత్రములందు ఈ రెండు రసములును తమ తమ వర్ణములతోనే వచ్చి కూర్చున్నవి. ఆ చిత్రములను చేసినవారు నాట్యశాస్త్రము చదివి చేసినవారు కారు. మానవ హృదయము ఎల్లెడల నొకటే గనుక వారికిని ఈ మార్గమే తోచినది.

ఈ చిత్రములలో మొదట చెప్పదగినది 1929వ సంవత్సరమున వాల్ట్ డిస్నీ సంస్థ వెలువరించిన ‘ది స్కెలిటన్ డాన్స్’, అనగా అస్థిపంజరముల నాట్యము. దానిలో అధికభాగము బొమ్మలు గీసినవాడు అబ్ ఐవర్క్స్. సంగీతము కూర్చినవాడు కార్ల్ స్టాలింగ్. నార్వే దేశీయుడగు గ్రీగ్ రచించిన ఒక వాద్యకృతిని స్టాలింగ్ ఇందు చేర్చుకొనెను. చిత్రము నిడివి ఐదున్నర నిమిషములు. సెకనునకు 24 చొప్పున లెక్కించిన 7,920 చిత్తరువులు తెరమీద మెఱసి మాయమగును. ఒకే చిత్తరువు పలుమాఱులు వాడబడినను, తాళమునకు అడుగు, అడుగునకు ఎముక తప్పకుండ సరిపోవలెనన్నచో ప్రతి చిత్తరువునకు పద్దు వ్రాసికొనవలసినదే.

కథ యేమియు లేదు. గాలికి ఊగు కొమ్మమీద గుడ్లగూబ. గడియారము పండ్రెండు కొట్టును. గబ్బిలములు లేచును, కుక్క మొఱుగును. సమాధులమీద రెండు నల్లపిల్లులు పోరాడును. ఆ నడుమ ఒక అస్థిపంజరము లేచును. పిమ్మట మఱి మూడు. నలుగురును చేతులు పట్టుకొని ఆడుదురు. ఒకటి మఱియొకదాని వెన్నెముకను జలతరంగమువలె వాయించును. ఒకటి పిల్లితోకను తీగగా లాగి మీటును. ఇంతలో కోడి కూయును. ఎముకలన్నియు కంగారుతో ఒకదానితో నొకటి చిక్కుపడి గోతిలో దూకును. రెండు పాదములు మాత్రము వెలుపల మిగిలి రాతిపలకను తట్టును. లోపలినుండి చేయి వచ్చి వానిని లాగికొనును. అంతటితో సమాప్తము. ఇందు చావు ఎవరిని బెదరింపదు. రాజుదో పేదదో తెలియని నాలుగు గూళ్లు సమానముగా ఆడును. ఒక వేదాంతి గంటసేపు చెప్పవలసిన మాటను ఐదున్నర నిమిషములలో పిల్లవాని కర్థమగునట్లు చెప్పుట సామాన్యము కాదు.

న్యూయార్కున మాక్స్ ఫ్లైషర్ సోదరుల చిత్రశాల మఱియొక ఫక్కి నవలంబించెను. 1932లో వచ్చిన ‘మిన్నీ ది మూచర్’ చిత్రమున బెట్టీ బూప్ అను చిన్నది, తల్లిదండ్రులు మందలించిరని యిల్లు విడిచి పోయి, ఒక గుహలో చిక్కుకొనును. అచట వాల్రస్ ఆకారముగల దయ్య మొకటి పాడుచు నాడును. ఆ యాటకు ఆధారము నల్లజాతి గాయకుడు కాబ్ కాలొవే నడక. బ్రదికిన మనుష్యుని కదలికను ఫిల్ముపై పట్టి, దానిమీద బొమ్మ గీయు యంత్రమును మాక్స్ ఫ్లైషరే కల్పించి 1917లో హక్కుపత్రము పొందియుండెను. చిన్నది చివరకు భయపడి యింటికి పరుగెత్తి దుప్పటిలో దూరును. నీతి చెప్పకయే నీతి తెలిసినది.

బొమ్మలు గాక నటులు నటించిన హాస్యచిత్రములు మఱియొక తెగ. నాడు సినిమాశాలలో పెద్దచిత్రమునకు ముందు వార్తలు, బొమ్మలచిత్రము, ఒక పొట్టి హాస్యచిత్రము వేసెడివారు. రెండు చుట్టల చిత్రము ఇంచుమించు ఇరువది నిమిషములు నడచును. 1921లో బస్టర్ కీటన్ తీసిన ‘ది హాంటెడ్ హౌస్’ ఇట్టిది. అందు నాయకుడు బ్యాంకు గుమాస్తా. అతని చేతికి జిగురంటి, నోట్లన్నియు వ్రేళ్లకు, బట్టలకు అంటుకొనును. పిదప అతడు చేరిన దయ్యాలకొంప నిజమునకు దొంగనోట్లవారి స్థావరము. జనులు దరిజేరకుండ వారే దయ్యముల వేషములు కట్టిరి. ఎక్కబోయిన ప్రతిసారియు మెట్లన్నియు ఒరిగి జారుడుబల్లయగును. కీటన్ ముఖమున నవ్వు లేదు, ఏడుపు లేదు. తాను నవ్వక యితరులను నవ్వించుట ఉత్తమహాస్యము.

1934లో లారెల్, హార్డీలు నటించిన ‘ది లైవ్ గోస్ట్’ చిత్రమున ఒక యోడకు దయ్యమున్నదని పుకారు. ఎవడైనను దయ్యమను మాట పలికినచో, ఉత్తరమునకు నడచుచు దక్షిణమునకు చూచునట్లు వాని తల త్రిప్పెదనని కప్తాను శాసించును. త్రాగుబోతొకడు సున్నపుతొట్టిలో పడి తెల్లగా లేచి వచ్చును. మన జంట ఆ మాట పలుకకుండ నుండగలదా? చివరకు ఇరువురి తలలును వెనుకకు తిరిగియే కనబడును. దయ్యముకంటె దయ్యమను పుకారే మనుష్యుని మెడ త్రిప్పునని దీని తాత్పర్యము.

ఈ తాత్పర్యము తెలుగు పల్లెలకు మిక్కిలి అవసరము. చేతబడి యనెడి అనుమానముతో నిరపరాధులను హింసించిన ఉదంతములు తెలుగునాట అనేకములు జరిగినవి. భయము నలుగురిలో నవ్వుగా మాఱనిచో చీకటిలో క్రౌర్యముగా మాఱును. దుప్పటి కప్పుకొన్న దొంగను తెరమీద పది పర్యాయములు చూచి నవ్విన పిల్లవాడు, పెరిగి పెద్దవాడై, అమావాస్యనాడు మామిడితోపులో తెల్లని దేదియో కదలిన రాయి విసరుటకు ముందు అది యేమో కనుగొనగోరును. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమందలి చిన్నమయ్య, లంబు, జంబులను చూచి రాక్షసులనిన భయపడుట మానిన పిల్లలెందఱో!

అయినను ఈ చిత్రములన్నియు నిర్దుష్టములని భ్రమపడరాదు. నాటి యమెరికాలో నల్లజాతివారిపట్ల చిన్నచూపు మెండు. దయ్యపుకొంప చిత్రములందు కన్నులు మిటకరించి, మోకాళ్లు కొట్టుకొనుచు వణకు నల్లజాతి సేవకుని పాత్ర నొక హాస్యసామగ్రిగా పలుమాఱు వాడిరి. 1920లో హెరాల్డ్ లాయిడ్ నటించిన ‘హాంటెడ్ స్పూక్స్’ నందును ఈ దోషము కలదు. అదే చిత్రము వెనుక గొప్ప ధైర్యకథయు కలదు. దాని నిర్మాణకాలమున, 1919 ఆగస్టులో, ఛాయాచిత్రము కొఱకు బొమ్మబాంబనుకొని పట్టుకొన్నది ప్రేలి, లాయిడ్ కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు పోయినవి. కొన్ని మాసములకు కోలుకొని, లోపమును చేతితొడుగుతో కప్పి, చిత్రమును పూర్తిచేసెను. తన దుఃఖమును దిగమ్రింగి నవ్వించినవాని చిత్రముననే పరులను కించపఱచు నవ్వును ఉన్నది. గుణమును గ్రహించి దోషమును దోషమని చెప్పుట సహృదయ లక్షణము. పిల్లలతో కూర్చుండి చూచు పెద్దలు ఆ చోట ఆపి, ఇది తగదని చెప్పవలెను. దాచిపెట్టినచో దోషము తెలియదు. ఊరక నవ్వినచో దోషము వ్యాపించును.

ఈ చిత్రములు నేటికి నిలుచుట యెట్లు సంభవించెను? నాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పు సోకిన భగ్గుమనును. సోకకున్నను కాలక్రమమున జిగురై, పొడియై నశించును. 1950 ప్రాంతముల వఱకు అట్టి ఫిల్మే వాడుకలో నుండెను. ఆట ముగిసిన చిత్రమునకు విలువలేదని పాఱవేసినవారును పెక్కుమంది. అమెరికా జాతీయ గ్రంథాలయమగు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రకటించిన లెక్క ప్రకారము, 1912 మొదలు 1929 వఱకు అచట తీసిన దాదాపు 11,000 మూకీ పెద్దచిత్రములలో మూలరూపమున నిలిచినవి నూటికి 14 మాత్రమే. భారతదేశమున తొలి టాకీ ‘ఆలం ఆరా’, 1931లో వచ్చినది, ఒక్క ప్రతియైనను మిగులలేదు. లెక్క వ్రాయువాడు నిల్వ చూడకున్న జమ యేమగును?

పొట్టిచిత్రములకు మాత్రము మఱియొక యదృష్టము పట్టినది. 1950 తరువాత దూరదర్శన కేంద్రములకు పిల్లల కార్యక్రమములు కావలసివచ్చెను. మూల నున్న పాత చిత్రములు చౌకగా దొరకెను. అట్లు క్రొత్త తరము వానిని తెలిసికొనెను. పౌర గ్రంథాలయములును 16 మిల్లీమీటర్ల ఫిల్ములను పుస్తకములవలెనే ఎరువిచ్చెడివి. ‘స్కెలిటన్ డాన్స్’ చిత్రమునకు 95 ఏండ్ల హక్కు తీఱి, అమెరికా చట్టము ప్రకారము 2025 జనవరి 1వ తేదీన అది సర్వజనుల సొత్తైనది.

వీనిని చూచు పద్ధతియు కొంత తెలియవలెను. ఒక్కసారి నాలుగైదింటికి మించరాదు. ముందు బొమ్మలచిత్రము, పిదప నటుల చిత్రము, తుదకు మఱల బొమ్మలచిత్రము చాలును. దీపము తగ్గించి, ఇంటిల్లిపాది ఒక్కచోట కూర్చుండవలెను. చిన్నపిల్లలను పెద్దల ప్రక్కన కూర్చుండబెట్టుకొనవలెను. ఏలయన, ఉలికిపడిన బిడ్డ తాత ముఖము వంక చూచును. తాత నవ్వుచుండుట చూచి తానును నవ్వును. భయము నవ్వగు క్షణ మదియే.

సోదరులారా! తాటాకు గ్రంథములను చెదలపాలు గాకుండ కాపాడినవారే లేకున్న కవిత్రయమైనను నిలుచునా? ఏది గొప్పదో, ఏది అల్పమో తీర్పు చెప్పుటకు కాలమునకు కొంత గడువీయవలెను. ఆ గడువు వఱకు వస్తువును భద్రపఱచుటయే గ్రంథాలయము పని. ఐదున్నర నిమిషముల ఎముకల యాట నూఱేండ్లు నవ్వించుచుండగా, ఈ గ్రంథాలయపు బీరువాలో అడుగుఅరనున్న అట్టచిరిగిన పుస్తకము రేపు ఎవరికి వెలుగునిచ్చునో యెవరు చెప్పగలరు? దానిని కుట్టించి, అట్ట వేయించి, చందాదారుని చేతి కందించుట అందఱి విధి.

స్వస్తి.