గేలం ఆదుకున్న రోజులు

1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది. 1933 నాటికి అక్కడ పనిచేసేవాళ్లలో ఇంచుమించు నలుగురికొకరు ఉద్యోగం లేక రోడ్డున పడ్డారు.

అప్పటికి రచయిత జాన్ స్టైన్‌బెక్ పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. భార్య కేరల్‌తో కాలిఫోర్నియా తీరంలోని పసిఫిక్ గ్రోవ్‌లో, తండ్రి కట్టించిన చిన్న ఇంట్లో ఉండేవాడు. అద్దె బెడద లేదు, నెలకు 25 డాలర్లు తండ్రే ఇచ్చేవాడు. ఆ మాత్రం ఆసరా ఉండబట్టే మిగతా కథ నడిచిందనుకోండి.

కూరకు సముద్రం ఉంది. గేలం వేస్తే కాడ్ చేపలు. ఆటు సమయంలో నీరు వెనక్కి తీస్తే రాళ్ల సందుల్లో పీతలు, ఆల్చిప్పలు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగల్ని రంపంతో కోస్తే పొయ్యిలోకి కట్టెలు. పెరట్లో ఉల్లి, క్యారట్, ఆకుకూరలు. బంగాళాదుంప తొక్కల్ని కూడా పారేయకుండా మట్టిలో పాతేవాడు!

దగ్గర్లోని మాంటెరీలో ఎడ్ రికెట్స్ అనే మిత్రుడికి సముద్రజీవుల ప్రయోగశాల ఉండేది. బడులకు నమూనాలు అమ్మేవాడు. చేతిలో కానీ లేని స్నేహితులంతా అక్కడే చేరేవారు. ఉన్నదేదో కలిసి తినడం, పొద్దుపోయేదాకా కబుర్లు. సబ్బు కొనలేక పంది కొవ్వు, బూడిద, ఉప్పు కలిపి సొంతంగా కాచారు కూడా. మురికి వదిలేది గానీ, ఆ కంపు పోవాలంటే బట్టల్ని ఎండలో బాగా ఆరేయాల్సి వచ్చేదట.

భయమల్లా జబ్బుకే. వైద్యుడికి చేపలిస్తే సరిపోదు కదా! పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లే స్తోమత లేక, స్టైన్‌బెక్ పళ్లు బాగా పాడైపోయాయి.