రాజమార్గములపై చాటు పందెములు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



నేను భాషను గూర్చియో, పరీక్షలను గూర్చియో ప్రసంగింతునని మీలో పెక్కురు తలచియుందురు. కన్నడ సీమలో తెలుగు బడిని నిలుపుకొనుటను గూర్చి ఇట్టి వేదికలపై ఎవరో ఒకరు చెప్పుచునే యుందురు. ఆ విషయమును వారికే విడిచితిని. నేను చెప్పబోవునది మోటారు పందెముల కథ. అందునను, ఏ ప్రభుత్వము అనుమతియు లేక, ఒక పట్టణమునుండి వేల మైళ్ళ దూరమందలి మరియొక పట్టణమునకు, జనులు నడచు బాటలమీదనే సాగిన పందెముల కథ. ఇది మనకేల యందురా? మన పిల్లల చేతులలోని ఫోనులలో ఈ పందెముల చిత్రములు రేయింబవళ్ళు ఆడుచున్నవి. వారు చూచునది సగము కథ మాత్రమే.

పందెమన్నది మనకు క్రొత్త కాదు. కుక్కె ఆది, ఘాటి మధ్యము, నాగలమడిక అంత్యము అని సుబ్రహ్మణ్య క్షేత్రములను వరుసపెట్టి చెప్పుకొను మనము, పినాకినీ తీరమున జాతరకు వచ్చిన మంచి ఎద్దుల జతను చూచి ముచ్చటపడకుండ పోము. ఎడ్ల పందెమునకు ఒక పద్ధతి కలదు. పెద్దలు బయలు నేర్పరచెదరు, గీత గీయుదురు, జనమును ఆవలకు నిలుపుదురు. అట్టి పందెమును సైతము 2014 మే 7న సుప్రీముకోర్టు పశుహింస యని నిషేధించెను. కర్ణాటకము 2017లో చట్టమును సవరించుకొనగా, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనము ఆ సవరణ చెల్లునని తీర్పు చెప్పెను. ఎద్దు పక్షమున ఇంత వాదము జరిగినది, మంచిదే. బాటసారి పక్షమున ఎవరు వాదించిరో చూతము.

మోటారుబండి పుట్టిన పదేండ్ల లోపలనే దాని పందెమును పుట్టినది. తొలినాళ్ళలో ఆ పందెములు ప్రభుత్వముల సమ్మతితోనే ఊరూరి బాటలపై జరిగెడివి. 1903 మే 24వ తేదీ తెల్లవారుజామున పారిస్ చెంతనున్న వెర్సాయి నుండి మాడ్రిడ్ నగరమునకు పందెము బయలుదేరెను. రెండు వందలకు మించిన బండ్లు. బాటకిరువైపుల లక్షలాది జనము. ఆనాటి బాటలు మట్టి బాటలు. ముందుబండి లేపిన దుమ్ములో వెనుకబండివానికి బాట కానరాదు. చెట్ల కొనలను చూచి బాటను ఊహించి తోలవలసి వచ్చెను. జనమా, బండి దగ్గరకు వచ్చిన పిదప తప్పుకొనవచ్చునని బాట నడుమనే నిలిచిరి. రెనో బండ్ల సంస్థను స్థాపించిన సోదరులలో నొకడగు మార్సెల్ రెనో ఆ దుమ్ములోనే పడి, రెండు దినములకు మరణించెను. అంగులేము అను ఊరిలో ఒక బండి జనముపైకి దూసుకొనిపోయెను. తొలి దినపు మజిలీ బోర్డో నగరము చేరునప్పటికే చనిపోయినవారిలో పోటీదారులును కలరు, ఊరక చూడవచ్చినవారును కలరు. ప్రభుత్వము పందెమును అచ్చటనే ఆపివేసెను. బండ్లను నడుపుకొని తిరిగి పోవుటకైనను అనుమతి ఈయలేదు. గుఱ్ఱములచే స్టేషనుకు ఈడ్పించి ధూమశకటముపై పంపిరి. గుఱ్ఱమును ఓడింప బుట్టిన యంత్రము గుఱ్ఱము వెనుక ఇంటికి పోయినది!

పందెము బాటను విడిచి కట్టుబడిలోనికి పోవుటకు ఇది పెద్ద కారణము. ఇంగ్లండులో 1907లో బ్రూక్‌లాండ్సు అను ప్రత్యేకపు చుట్టుబాటను కట్టిరి. మన ప్రక్కనే మద్రాసువారు చాలకాలము షోలవరపు పాత విమానపు బయలులో పందెములు నడిపిరి. తరువాత ఇరుంగాట్టుకోట్టైలో బాట కట్టుకొనిరి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు గట్టున విద్యుత్ కారుల పందెము జరిగినది. అదియు నగరపు బాటయే. కాని 2.83 కిలోమీటర్ల ఆ బాటను మూసి, ఇరువైపుల గోడలు పెట్టి, రాకపోకలు నిలిపి మరీ జరిపిరి.

అందరును అట్లు లోనికి పోలేదు. అమెరికాలో ఎర్విన్ బేకర్ అనువాడు సముద్రమునుండి సముద్రమునకు ఖండమును దాటుటయే జీవితముగా చేసికొన్నవాడు. 1914లో మోటారుసైకిలుపై ఆ యానమునకు పదునొకండు దినములకు పైగా పట్టెను. 1933లో కారుపై 53 గంటల 30 నిమిషములే. అతనిని 'కానన్‌బాల్', అనగా ఫిరంగిగుండు, అనిరి. బ్రాక్ యేట్స్ అను పత్రికా రచయిత 1971లో ఆ పేరే పెట్టి, న్యూయార్కు నుండి కాలిఫోర్నియా తీరమునకు అనుమతి లేని పందెమును నెలకొల్పెను. నేర్పరియైన చోదకుడు వేగముగా పోయినను క్షేమముగా పోగలడని లోకమునకు చూపుట అతని పట్టుదల. ఆ నవంబరులో డాన్ గర్నీ, యేట్స్ ఒక ఫెరారీ కారుపై 35 గంటల 54 నిమిషములలో గమ్యము చేరిరి. 1974లో అమెరికా చమురు కరవు వలన గంటకు 55 మైళ్ళకు మించరాదని వేగమును కట్టడి చేయగా, అది ఈ పందెమునకు మరింత తిరుగుబాటు వన్నె తెచ్చెను. 1979లో కడపటి పందెము జరిగెను. ఆ యేడు యేట్స్ ఆంబులెన్సు వేషము వేసిన బండిలో పోయెను! అతడే కథ వ్రాయగా 1981లో చలనచిత్రము వచ్చినది. పందెము నిలిచినను మోజు నిలువలేదు. 2020 మేలో, మహమ్మారి వలన బాటలు బోసిపోయి యుండగా, అదే దూరమును 25 గంటల 39 నిమిషములలో దాటినవారు కలరు. జనము ఇండ్లలో బందీలై యుండుటయే వారికి అనుకూలమైనది.

మన పిల్లలు మనలను అడుగు ప్రశ్న ఇదియే: "ఆ పందెములలో ఎవరును చావలేదు గదా?" న్యాయముగా ఒప్పుకొనవలెను, యేట్స్ పందెములలో ప్రాణనష్టము లేదు. ఒక బండి బోల్తాపడి ఒకరి చేయి విరుగుట తప్ప పెద్ద కీడు జరుగలేదు. బుకాయించిన పిల్లవాడు మనల నమ్మడు. కాని ఆ గర్నీ యెవడు? 1967లో లెమాన్సు ఇరువదినాలుగు గంటల పందెము గెలిచినవాడు. వారు తోలిన బాట లెట్టివి? ఎదురుబండి రాకుండ నడుమ విడదీసిన విశాల మార్గములే అధికము. మన బాటల సంగతి మీకే తెలియును. పావగడ త్రోవలో నూర్పునకు వేసిన రాగి కంకులు, ఆరబోసిన వేరుసెనగ, వెనుక దీపము లేని ట్రాక్టరు, మలుపు తిరుగగనే గొఱ్ఱెల మంద. నలుబది కిలోమీటర్ల వేగమున బండి సెకనుకు 11 మీటర్లు పోవును. నూటయిరువదిన 33 మీటర్లు. వేగము మూడింతలైన, బిరికి పట్టిన పిదప నిలుచుటకు కావలసిన దూరము తొమ్మిదింతలగును. గొఱ్ఱెలకాపరికి ఈ లెక్క రాదు. అతడు పందెమునకు ఒప్పుకొన్నవాడును కాడు.

మంచి బాట యున్న ప్రమాదముండదనుటయు సరికాదు. 2011 సెప్టెంబరులో హైదరాబాదు బాహ్యవలయ రహదారిపై, భారత క్రికెట్టు జట్టు మాజీ సారథి అజారుద్దీన్ గారి కుమారుడు, 19 ఏండ్లవాడు, మోటారుసైకిలు పల్టీకొట్టగా గాయపడి కొలది దినములకు మరణించెను. వెనుక కూర్చున్న 16 ఏండ్ల బంధువు ఆ దినమే పోయెను. అది పందెమని నే ననుట లేదు. ఎనిమిది వరుసల ఆ బాటపైకి ద్విచక్రవాహనములు పోరాదను కట్టడి యున్నది. బాట నున్నదనమే పిలిచినది. మనకును పెనుగొండ చేరిన జాతీయ రహదారి అంత నున్నగానే యున్నది. తిరుమణి సౌర విద్యుత్క్షేత్రమునకు భూములిచ్చి, కౌలు సొమ్ముతో ఇంటికి బండి తెచ్చుకొన్నవారు మనలో కలరు. బండి కొనుట తప్పు కాదు. తాళపుచెవి ఏ మేకునకు వ్రేలాడుచున్నదను విషయమే నేను అడుగుచున్నాను.

చట్టమేమి చెప్పుచున్నదో వినుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 189వ విభాగము ప్రకారము, ప్రభుత్వపు వ్రాతపూర్వక సమ్మతి లేక బహిరంగ స్థలమున పందెము వేసినను, వేయనిచ్చినను నేరమే. మొదట శిక్ష ఒక నెల ఖైదో, 500 రూపాయల జరిమానాయో. 2019 సవరణతో అది మూడు నెలలకును, 5,000 రూపాయలకును పెరిగెను. మరల చేసిన ఏడాది ఖైదు, 10,000. బీమా పత్రమును విప్పి చూడుడు. పందెములకును వేగపరీక్షలకును ఇది వర్తింపదని చిన్న అక్షరములలో ముద్రించి యుండును.

ఇంతకంటె బరువైనది ఆ సవరణలోనే వచ్చిన 199-ఏ విభాగము. పదునెనిమిది నిండని పిల్లవాడు మోటారుబండితో నేరము చేసిన, సంరక్షకుడును బండి యజమానియు నేరస్థులే. మూడేండ్లవరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. తెలియకుండ జరిగినదనియో, తగిన జాగ్రత్త తీసికొంటిననియో ఋజువు చేసికొన్న తప్పించుకొనవచ్చును. కాని ఆ ఋజువు భారము మీదే. మీ సమ్మతితోనే తోలినాడని న్యాయస్థానము ముందుగా భావించును. నేర్చుకొనువాని లైసెన్సు పొంది, దానికి తగిన బండినే తోలిన బాలుని విషయమున మాత్రము ఈ విభాగము వర్తింపదు.

మరియొక్క మాట అందులో నున్నది. అట్లు పట్టుబడిన బాలునకు ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు ఈయరు. మన బడిలో పదవ తరగతి చదువు పదునైదేండ్లవాడు ఈ యేడు పట్టుబడిన, పదేండ్ల వరకు తండ్రి ట్రాక్టరును పావగడ సంతకు తోలలేడు. లారీపైగాని, కంపెనీ బండిపైగాని చోదకునిగా చేరలేడు. ఇంటిలో తల్లికి అర్ధరాత్రి జబ్బు చేసిన, గుమ్మమున నిలిచిన బండిని చట్టప్రకారము తాకలేక, ప్రక్కింటి తలుపు తట్టవలసినదే.