నారదుడి తంబుర, గయుడి తాంబూలం: కాంతారావు స్మారకోపన్యాసం



కాంతారావు గారి పేరు వినగానే చాలామందికి కత్తి గుర్తొస్తుంది. 'కత్తి కాంతారావు' అని జనం ప్రేమగా పిలుచుకున్న పేరు అది. నేను మాత్రం ఈ రోజు ఆయన చేతిలోని తంబుర గురించి మాట్లాడదామని వచ్చాను. 1923లో కోదాడ పక్కన గుడిబండలో పుట్టిన ఈ మనిషి 'సీతారామ కల్యాణం'లో, 'శ్రీకృష్ణార్జున యుద్ధం'లో, 'శ్రీకృష్ణ తులాభారం'లో నారదుడిగా కనిపించినప్పుడు ప్రయాణం, పాట, నవ్వు మూడూ ఒకే వేషంలో తెరమీదికొచ్చాయి. సినిమా తీసేవాడిగా నా బతుకంతా ఈ మూడింటితోనే గడిచింది. ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు మన నాటకమూ మన సినిమా రెండూ బలంగా ఉన్నాయి. వాటిని వేరుచేసి ఎవరి గదిలో వాళ్లను కూర్చోబెట్టినప్పటి నుంచి మన సినిమా పలచబడుతూ వచ్చిందని నా నమ్మకం.

నారదుడి సంగతి చూడండి. ఆయనకు ఇల్లు లేదు, సంసారం లేదు, కుర్చీ వేసినా ఎక్కువసేపు కూర్చోడు. ఒక లోకంలో విన్న మాటను ఇంకో లోకంలో దింపి, మంట రాజుకునేదాకా ఉండి, నారాయణ నామం తలచుకుంటూ వెళ్లిపోతాడు. కలహభోజనుడని అందరూ అంటారు, అయినా ఆయన రాగానే లేచి అర్ఘ్యపాద్యాలు ఇస్తారు. రంగస్థలం మీద ఆయన ఎప్పుడూ పాడుతూనే వస్తాడు. ఆ పాట ఎందుకని ఎవరూ అడగరు. నడిచేవాడు పాడుకుంటూ నడవడం మనకు సహజం. నటుడికి ఇది చాలా కష్టమైన వేషం. అన్నీ తెలిసినవాడు ఏమీ తెలియనట్టు నిలబడాలి. కాంతారావు గారు కొంటెతనాన్ని కళ్లలో దాచి, ముఖాన భక్తిని నిలిపేవారు. ఎదుటి పాత్రకు ఆ కొంటెతనం కనిపించదు, మనకు మాత్రం కనిపిస్తుంది. హాస్యమంతా ఆ తేడాలోనే ఉంది.

ఇక గయుడి కథ. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి 'గయోపాఖ్యానం' తెలుగునాట లక్ష ప్రతులు దాటిన నాటకం. గయుడనే గంధర్వుడు విమానంలో పోతూ తాంబూలం నములుతున్నాడు. నమిలినవాడు ఊరుకోకుండా కిందికి ఉమ్మేశాడు. కింద శ్రీకృష్ణుడు సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్నాడు. దోసిట్లోకి నీళ్లకు బదులు ఎర్రటి ఎంగిలి వచ్చింది. సూర్యాపేట బస్టాండులో కదిలే బస్సు కిటికీలోంచి పాన్ ఉమ్మితే కింద తెల్లపంచెతో నిలబడ్డ పెద్దాయన ఏమంటాడో మనకందరికీ తెలుసు. కృష్ణుడూ అంతే, కాకపోతే ఆయన చేతిలో చక్రం ఉంది. వీడి తల తీస్తానని ప్రతిజ్ఞ పట్టాడు. గయుడు పరుగో పరుగు. నారదుడు దారి చూపించాడు: ఎవరి భయంతో వచ్చావో ముందు చెప్పకు, అర్జునుడి కాళ్లు పట్టుకుని అభయం అడుగు. అర్జునుడు మాటిచ్చేశాడు. ఆ తర్వాత తెలిసింది, శత్రువు బావగారేనని!

ఒక ఎంగిలి చుక్క నరనారాయణుల యుద్ధమైంది. ఇంత చిన్న కారణానికి ఇంత పెద్ద ఫలితం పుట్టించడం గొప్ప హాస్య రచయిత చేయగల పని. పైగా ఇందులో ఎవరూ విదూషకులు కారు. అందరూ మర్యాదస్తులే, మాటకు కట్టుబడ్డవాళ్లే. ఆ మర్యాదే వాళ్లను ఇరికించింది. నవ్వు కథ లోపల నుంచే పుట్టింది, బయటినుంచి తెచ్చి అతికించింది కాదు.

పల్లెల్లో ఈ నాటకం ఆడినప్పుడు బావా బావమరుదుల వాదం పద్యాల్లో మొదలైందంటే ఇక తెల్లారినట్టే. కృష్ణుడు పద్యం ఎత్తుకుంటాడు, రాగం తీస్తాడు, హార్మోనియం వెంట నడుస్తుంది. వెనక నుంచి ఎవరో 'వన్స్‌మోర్' అంటారు. అంతే, యుద్ధం ఆగుతుంది. అర్జునుడు గాండీవం పట్టుకుని ఓపిగ్గా నిలబడతాడు, కృష్ణుడు అదే పద్యం మళ్లీ పాడతాడు. బయటివాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. నాకైతే ఇందులో గొప్ప ఒప్పందం కనిపిస్తుంది. అక్కడ కాలం వినేవాడి చేతిలో ఉంది. కథ ఎటు పోతుందో అందరికీ తెలుసు, తొందర ఎవరికీ లేదు.

సినిమాకు ఆ వెసులుబాటు లేదు. రీలు ఎవరి మాటా వినదు. 1963లో ఇదే కథను 'శ్రీకృష్ణార్జున యుద్ధం'గా తీసిన కె.వి.రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశం నిడివిని ముందే లెక్కగట్టే దర్శకులు. వన్స్‌మోర్‌కు అలవాటుపడ్డ కథను ఆయన గడియారంలోకి ఎక్కించారు, అయినా నవ్వు చెడలేదు, రాగం చెడలేదు. ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకు నేను ఆ సినిమా చూడమని చెబుతాను. పద్యం ఎక్కడ మొదలైంది, మాట ఎక్కడ ఆగింది, నారదుడు ఎప్పుడు తప్పుకున్నాడు, ఈ మూడూ చూస్తే చాలు.

మరి నాటకం నుంచి సినిమాకు దారి వేసిందెవరు? సురభి వాళ్లు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ఆడి మొదలైన వనారస వారి కుటుంబం తెరలు, పెట్టెలు, పిల్లాజెల్లాతో ఊరూరా తిరిగింది. ఒక ఊళ్లో పాక వేస్తే నెలల తరబడి ఉండేవాళ్లు. సురభి కమలాబాయి తల్లి వేదిక మీద ఉండగానే నొప్పులు వచ్చి బిడ్డ పుట్టిందనీ, విషయం తెలిసిన ప్రేక్షకులు డబ్బులు కురిపించారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కమలాబాయే 1932లో మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి. ఆ సినిమా తీసిన హెచ్.ఎం.రెడ్డి గారే 1953లో 'ప్రతిజ్ఞ'తో కాంతారావు గారిని కథానాయకుణ్ని చేశారు. సురభి పాక నుంచి గుడిబండ దాకా తోవ ఒక్క మనిషి చేతుల మీదుగా సాగింది.

కాంతారావు గారు సినిమాల కోసం బయల్దేరింది మిర్యాలగూడకు రైలు లేని రోజుల్లో.  అప్పట్లో గుడిబండ నుంచి మద్రాసు పోవడమంటే రాష్ట్రం దాటి, ప్రభుత్వం మారి, రూపాయి కూడా మారే ప్రయాణం. నైజాంలో నడిచే హాలీ సిక్కా అవతల చెల్లదు. ఈ తరం నటులకు నేను ఈ మాట తప్పకుండా చెబుతాను.

ప్రయాణం, పాట, నవ్వు అంటే దేవతల కథలే అనుకోవద్దు. ఈ సూర్యాపేట గడ్డమీద నైజాం నాటి రైతు పోరాటంలో ఆ మూడూ కలిసి దొరల గుండెల్లో గునపమయ్యాయి. సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి' నాటకం 1947 నాటిది. అదే పేరుతో బి.నర్సింగరావు నిర్మించగా గౌతమ్ ఘోష్ తీసిన సినిమా 1980లో వచ్చింది. అందులో గద్దర్ గొంతులో వినిపించే బండి యాదగిరి పాట గుర్తుచేసుకోండి. బండి వెనక బండి కట్టి, వీటిలో ఏ బండిలో పోతావని ఏకంగా నైజాం సర్కారునే అడుగుతుంది. ప్రభువుకు ప్రయాణపు ఏర్పాట్లు చేసిపెట్టే పాట అది! దానిలో కోపం ఎంత ఉందో కొంటెతనమూ అంతే ఉంది. భయపడ్డ మనిషి అట్లా నవ్వలేడు. ఊళ్లు దాటి నడిచినవాళ్లు పాడిన పాట కాబట్టి నడక లయలోనే ఉంది.

ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? కథ కోదాడలో జరుగుతుంది, పాట రాగానే ఇద్దరూ ఆల్ప్స్ కొండల్లో ఉంటారు. వాళ్లు ఎట్లా వెళ్లారో, ఎందుకు వెళ్లారో, తిరిగొచ్చి ఏం చెప్పారో లేదు. అది ప్రయాణం కాదు, లొకేషన్ మార్పు. హాస్యానికి వేరే ట్రాక్, దానికి వేరే రచయిత. తులాభారం కథలో నారదుడు సాక్షాత్తూ కృష్ణుణ్ని దానంగా పట్టి, బజారులో అమ్మకానికి పెడతాడు. భర్తను తిరిగి కొనుక్కోవడానికి సత్యభామ నగలన్నీ తక్కెడలో పోస్తుంది. ఇందులో హాస్యం ట్రాక్ ఏది, కథ ఏది? విడదీసి చూపించమనండి. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో తానే రాసుకుని పాడిన పాట 1966 నాటి సినిమాలోకీ నడిచొచ్చిందంటే, ఆ పాట కథకు ఎంత కావలసిందో తెలుస్తుంది.

కాంతారావు గారికి ఇది తెలుసు. జనం ఆయన్ని కత్తియుద్ధాల్లో చూడాలని ఎగబడుతున్న రోజుల్లో, సొంత డబ్బుతో 1969లో ఆయన తీసిన సినిమా పేరు 'సప్తస్వరాలు'. సినిమాలు తీసి ఆస్తి పోగొట్టుకున్నారని అందరూ జాలిపడతారు. నాకు జాలి కంటే గౌరవం ఎక్కువ. పోగొట్టుకున్నది దేనిమీదో చూడాలి కదా.

చివరిగా ఒక మనవి. గుడిబండలో, తుంగతుర్తిలో, వాడపల్లి దాకా ఉన్న ఊళ్లలో నారద వేషం కట్టినవాళ్లు, హార్మోనియం వాయించినవాళ్లు ఇంకా ఉన్నారు. చాలామందికి వయసు మీద పడింది. కోతలు అయ్యాక మంచి మైకులతో, కెమెరాతో నేను వస్తాను. పద్యాలు మొత్తం, రాత్రంతా రికార్డు చేద్దాం, వన్స్‌మోర్‌లు కూడా కత్తిరించకుండా. మీ ఇంట్లోగానీ మీ వీధిలోగానీ అట్లాంటి పెద్దవాళ్లుంటే సభ అయ్యాక ఆగి నాకు ఊరి పేరు చెప్పి వెళ్లండి. రాసుకోవడానికి పుస్తకం తెచ్చుకున్నాను.