గుజ్జు బుట్ట
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసంతా కాగితాల మధ్యే గడిపిన మనకు కాగితం గురించి కొత్తగా చెప్పేదేముందని మీరనవచ్చు. నేను చెప్పబోయేది ఫైళ్ల కాగితం కాదు. నానబెట్టి, రుబ్బి, ఆకారం కట్టిన కాగితం. చేతికాగితంతో చేసిన శిల్పాలను ఈనాడు ప్రదర్శనశాలల్లో పెడుతున్నారు. పెట్టవలసిందే. కాని అటువంటి పని మన కృష్ణా డెల్టా ఇళ్లలో అమ్మలు, అమ్మమ్మలు చేసినదే గదా!

వేసవిలో వడియాలు పెట్టే రోజుల్లోనే ఈ పనీ సాగేది. పిల్లల పాత నోటుపుస్తకాలు చింపి నీళ్లలో నానేసేవారు. మెంతులు విడిగా నానబెట్టి, రెండూ కలిపి రోట్లో మెత్తగా రుబ్బేవారు. కుండో గిన్నో బోర్లించి, తడిగుడ్డ కప్పి, దానిమీద ఆ ముద్దను పలచగా మెత్తేవారు. ఆరాక ఊడదీస్తే బుట్ట! వెదురు చేటలకు, తట్టలకు సందులు పూడేలా ఇదే అలికేవారు. మెంతుల జిగురుకు గట్టిదనం, చేదుకు పురుగు దూరం. ఒక్కసారే మందంగా మెత్తితే పైన ఆరి, లోపల తడి నిలిచి బీటలిస్తుంది. నీళ్లు తగలరాదు కనుక పప్పులకు, ఎండుమిరపకాయలకే వాడకం.

కాగితమంటే నారల అల్లిక. నీళ్లలో విడిపోయిన నారలు ఆరేటప్పుడు మళ్లీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చేతికాగితం చేసేవారు ఆ గుజ్జును చదునైన జల్లెడతో ఎత్తుతారు. మనవాళ్లు కుండ వంపు మీద మెత్తారు. గాంధీగారి చొరవతో 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం చేతికాగితాన్ని ఆదరించింది. వంటింటి బుట్టకు ఆపాటి ఆదరణ దక్కలేదు.

ఇదే గుజ్జు ఒక కళాకారుడి చేతిలో ఏమైందో వినండి. బెంగాలుకు చెందిన సోమనాథ్ హోర్ (1921–2006) 1943 నాటి కరువును కళ్లారా చూసినవాడు. 1970ల్లో శాంతినికేతన్‌లో ‘గాయాలు’ అనే వరుస చేశాడు. మట్టిపలక మీద గాట్లు పెట్టి, దాన్నుంచి సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జు అదిమాడు. రంగు దాదాపు లేదు. తెల్లని కాగితమే చర్మంలా చిట్లి, ఉబ్బి కనిపిస్తుంది. బొమ్మ గీయకుండానే బాధ చూపించాడు.

మన పక్కనే ఉన్న కొండపల్లి సంగతి తెలిసిందే. తెల్లపొణికి కర్రతో అంగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అక్కడ మెంతులకు బదులు చింతగింజ, సూత్రం దగ్గరిదే. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. బుట్టకు గుర్తింపు తెమ్మని నేనడగను. అది అమ్ముకోవడానికి చేసింది కాదు.

నేనడిగేది వేరు. మన సభ్యుల ఇళ్లలో ఎనభై దాటిన తల్లులున్నారు. ఎంత కాగితానికి ఎన్ని మెంతులు, నీడన ఎన్నాళ్లు, ఎండన ఎన్నాళ్లు అన్నది వారి చేతులకు తెలుసు. కోడళ్లు, మనవరాళ్లు పక్కన కూర్చుని ఒక్క బుట్ట చేయించి, చూసింది చూసినట్టు రాసి మన పత్రికకు పంపండి. గ్రాముల లెక్క అక్కర్లేదు. గుప్పెడంటే గుప్పెడనే రాయండి, ఎవరి గుప్పెడో మాత్రం పేరు వేయండి.