నేల కింద పొయ్యి



ఇడ్లీ గిన్నెలో నీళ్లు మరిగితే ఏమవుతుంది? ఆవిరి మూతను ఎగదన్నుతుంది. ఆవిరికి అంత బలం ఉంది. ఆ బలంతో కరెంటు కూడా తీయవచ్చు.

నేల లోపల కూడా ఒక పొయ్యి ఉంది. లోతుకు పోయేకొద్దీ భూమి వేడిగా ఉంటుంది. కొన్ని చోట్ల ఆ వేడికి లోపలి నీళ్లు సలసల కాగుతుంటాయి. అక్కడ లోతుగా బోరు వేస్తే ఆవిరి, వేడినీళ్లు పైకి తన్నుకొస్తాయి. ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే కరెంటు పుడుతుంది. దీన్ని భూతాప విద్యుత్తు అంటారు.

ఇందులో బొగ్గు కాల్చే పని లేదు. బూడిద లేదు. మరి నష్టమే లేదా? ఉంది. న్యూజిలాండ్ దేశంలో జరిగింది వినండి.

అక్కడ వైరాకే అనే చోట 1958లో ఇలాంటి కరెంటు కేంద్రం మొదలైంది. దగ్గరలోనే ఒక లోయ ఉంది. ఆ లోయలో వేడినీళ్లు నేలలోంచి పైకి చిమ్మేవి. జనం చూడవచ్చేవారు. కేంద్రం కోసం బోర్లతో నీళ్లు, ఆవిరి తోడారు. తోడిన నీళ్లను తిరిగి లోపలికి పంపలేదు. కొన్నేళ్లకే ఆ ఊటలు ఆగిపోయాయి. పక్క పొలంలో లోతుగా బోరు వేస్తే మన బావి ఎండిపోదా? ఇదీ అలాంటిదే.

నేల కూడా కుంగింది. నీళ్లు పోయిన చోట లోపలి పొరలు అణిగిపోయాయి. కొన్ని దశాబ్దాల్లో ఒకచోట నేల దాదాపు 15 మీటర్లు దిగిపోయింది. అంటే అయిదంతస్తుల మేడంత!

వాడిన నీళ్లను వైకాటో నదిలోకి వదిలారు. లోపలి వేడినీళ్లలో రాళ్ల నుంచి కరిగిన ఆర్సెనిక్ ఉంటుంది. అది విషం. ఆవిరితో పాటు కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు కూడా వస్తుంది. అది ఎక్కువైతే ప్రాణానికే ముప్పు.

మరి దారి లేదా? ఉంది. వేడి తీసుకున్నాక నీళ్లను ఇంకో బోరుతో లోపలికే పంపాలి. బోరు గొట్టం గట్టిగా ఉండాలి. లేకుంటే ఆ నీళ్లు తాగేనీళ్లలో కలుస్తాయి. వైరాకేలో ఈ పని చాలా ఆలస్యంగా మొదలైంది. కుంగిన నేల మాత్రం తిరిగి లేవలేదు.

మన తెలంగాణలోనూ మణుగూరు దగ్గర పగిడేరులో వేడినీళ్ల బోరు ఉంది. అక్కడ సింగరేణి సంస్థ ప్రయోగంగా 20 కిలోవాట్ల చిన్న కేంద్రం పెట్టింది. అందులో వేడినీళ్లు వేరొక ద్రవాన్ని కాస్తాయి. ఆ ద్రవం ఆవిరై చక్రాన్ని తిప్పుతుంది. చల్లారాక మళ్లీ గొట్టాల్లోనే తిరుగుతుంది.

ఇలాంటి కేంద్రం ఏ ఊరికి వచ్చినా, ఆడవాళ్లు గ్రామసభలో మూడు మాటలు అడగాలి.

వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

తాగేనీళ్లను ఎవరు, ఎన్నాళ్లకోసారి పరీక్ష చేస్తారు?

నేల కుంగుతోందేమో ఎవరు కొలుస్తారు?

జవాబులు కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. ముందు చదవండి. తర్వాతే సంతకం చేయండి.