ఆకాశరామన్నకు రక్షణ యెంత?

తెలుగుదేశమున ఆకాశరామన్నను ఎరుగని తపాలాఫీసు లేదు. ఆయనకు ఊరు లేదు, ఇంటిపేరు లేదు. అయినను కలెక్టరు కచేరీకి, పోలీసు ఠాణాకు, పాఠశాలల తనిఖీ అధికారికి, మిల్లు యజమానికి ఆయన జాబులు తరతరములుగా పోవుచునే యున్నవి. సంతకము లేని ఉత్తరమునకు మనవారు పెట్టిన పేరు ఇది. ఈ పేరులో కొంత పరిహాసము, కొంత తిరస్కారము కలవు. మా పల్నాటిలో తిరస్కారమే హెచ్చు. ఏ మాటయైనను ఎదుట నిలిచి చెప్పవలెనను పట్టుదల గల సీమ ఇది. పేరు దాచి వ్రాయువాడు పిరికివాడనియే ఇచ్చటి లోకాభిప్రాయము. మేమును చిరకాలము ఆ అభిప్రాయముతోనే యుంటిమి.

ఈ కాలమున పెద్ద కంపెనీలు ఆ రామన్నకే పీటవేసి కూర్చుండబెట్టుచున్నవి. పనిచేయుచోట లంచము గాని, దొంగలెక్క గాని, స్త్రీల పట్ల అమర్యాద గాని కంటబడినచో పేరు చెప్పకయే తెలుపవచ్చునని పెట్టెలు, టెలిఫోను నంబర్లు, కంప్యూటరు మూలమున పంపు ఏర్పాట్లు వెలసినవి. ఇవి ఉద్యోగిని నిజముగా కాపాడుచున్నవా అనునది నేటి మా ప్రసంగ విషయము.

మేము నరసరావుపేట ప్రాంతమున ఒక పత్తి మిల్లులో హాజరుపట్టీ వ్రాయు గుమాస్తాగా కొన్ని సంవత్సరములు పనిచేసితిమి. ఒక ఏడు యాజమాన్యమువారు ఆఫీసు వసారాలో ఒక రేకు పెట్టెను వ్రేలాడదీసిరి. ఫిర్యాదులను నిర్భయముగా వేయవచ్చుననియు, పేరు అక్కర లేదనియు దానిపై రంగుతో వ్రాయించిరి. తాళపుచెవి మేనేజరు బల్ల సొరుగులో నుండెడిది. పెట్టెకు ఎదురుగా మేస్త్రీ కూర్చుండు బెంచీ. మూడు నెలల వరకు ఆ పెట్టెలో పడినవి రెండు బీడీ ముక్కలు మాత్రమే.

నాలుగవ నెలలో ఒక కాగితము పడినది. పత్తిలోని చెత్తను ఏరు స్త్రీల వద్ద మేస్త్రీ వారము వారము కూలిలో కొంత పట్టుకొనుచున్నాడనియు, ఇయ్యనివారిని దుమ్ము హెచ్చుగా నుండు చోటికి పంపుచున్నాడనియు అందులో నుండెను. ఏ వారము ఎవరివద్ద ఎంత పట్టినది కూడ వివరముగా వ్రాసియుండెను. పేరు మాత్రము లేదు. కాని ఆ స్త్రీలలో సంతకము చేయ నేర్చినవారు ఐదుగురే. తక్కినవారందరు వేలిముద్ర వేయువారు. మేనేజరు మమ్ము పిలిచి హాజరుపట్టీ తెమ్మనెను. మేము తెచ్చి యిచ్చితిమి. ఎందులకని అడుగలేదు; ఎందులకో మాకు తెలియును. కాగితములోని వత్తులను, పట్టీలోని వత్తులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. పావుగంట పట్టలేదు.

ఆమెను ఎవరును గద్దింపలేదు. తొలగించినట్లు కాగితమును ఇయ్యలేదు. మరునాడు గేటువద్ద, పని తక్కువగా నున్నది, కబురు చేసెదము అనిరి. రోజుకూలి మనిషికి ఆ ఒక్క మాట చాలును. కబురు పోలేదు. మేస్త్రీ తన బెంచీమీదనే యుండెను. తరువాతి వారము కూలి పంచునప్పుడు మేము ఒకటి గమనించితిమి. సంతకము వచ్చిన తక్కిన నలుగురిలో ఇద్దరు సిరాదిమ్మెను ముందుకు లాగికొని వేలిముద్ర వేసిరి. పట్టీ ఎందుకిచ్చితిమని మమ్ము మేము అడిగికొన్నప్పుడెల్ల, మాకును ఆ ఉద్యోగమే ఆధారమను మాట నోటికి వచ్చును. అది నిజమే గాని సమాధానము కాదు.

ఆ దినమున మాకు బోధపడినది ఏమనగా, పేరును దాచుట వేరు, మనిషిని దాచుట వేరు. యాభైవేలమంది పనిచేయుచోట పేరు లేని జాబు కొంత మరుగునిచ్చునేమో! పిడుగురాళ్ళ సున్నపు బట్టీలో, మాచర్ల చుట్టుపట్ల నాపరాతి గనిలో, మిరపకాయలు దాచు కోల్డు స్టోరేజీలో పనివారు ఇరువదిమందియో, ముప్పదిమందియో. అందరికి అందరు తెలిసినవారే, పెక్కుమంది ఒక్క ఊరివారే. ఫిర్యాదును నమ్మవలెనన్నచో తేదీ, సొమ్ము, చూచినవారు, అన్నియు వ్రాయవలెను. వ్రాసినకొలదిని వ్రాసినవారెవరో తెలిసిపోవును. వ్రాయకున్నచో ఆ కాగితము చెత్తబుట్టకు పోవును.

ప్రభుత్వమువారి త్రోవ వేరు. 1964లో ఏర్పడిన కేంద్ర విజిలెన్సు కమిషను, పేరు లేని ఫిర్యాదులపై చర్య తీసికొనరాదని 1999లో ఉత్తరువు చేసినది. సరిచూడదగిన వివరములున్నచో విచారింపవచ్చునని 2002లో కొంత సడలించి, 2014లో ఆ సడలింపును మరల తీసివేసినది. దీనిని ఊరక తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. గ్రామకక్షలు ముదిరిన మా ప్రాంతమున ఆకాశరామన్న ఒక ఆయుధము కూడను. అవతలి వర్గమువాని కొడుకు ఉపాధ్యాయుడైనచో, ఏడాది తిరుగకుండ అతనిపై అరడజను జాబులు పోవును. విచారణ ముగిసి నిర్దోషి యని తేలువరకు అతని పదోన్నతి నిలిచియుండును. ఇట్టివారిని మేమెరుగుదుము.

పేరు పెట్టి వ్రాసినవారికి మాత్రము సుఖము కలదా? స్వర్ణ చతుర్భుజి రహదారి పనులలో ఇంజనీరుగా నుండిన సత్యేంద్ర దుబే, పనులలోని అక్రమములను గూర్చి 2002లో ప్రధానమంత్రి కార్యాలయమునకు జాబు వ్రాసెను. ఆయన తన పేరు చెప్పెను. దానిని బయటపెట్టవలదని కోరెను. ఆ జాబు పేరుతో సహా కచేరీలు తిరిగెను. 2003 నవంబరు 27న గయలో ఆయనను కాల్చి చంపిరి. అది దోపిడిగాండ్ర పని యని సి.బి.ఐ. తేల్చినది. 2010లో ముగ్గురికి శిక్ష పడినది. ఏది యెట్లున్నను, గోప్యముగా నుంచుడని ఆయన కోరిన మాటను ఆనాడు ఎవరును మన్నింపలేదు.

ఆ అలజడి మీదట 2004లో కేంద్ర ప్రభుత్వము ఒక తీర్మానము చేసినది. ఫిర్యాదు చేయువారు తమ పేరును లోపలి కాగితముపై వ్రాసి, కవరును అతికించి విజిలెన్సు కమిషనుకు పంపవలెను. కవరుపై పేరుండరాదు. ఆ పేరు కమిషనుకు తెలిసియుండును, తక్కినవారికి తెలియరాదు. మా మిల్లులోని రేకు పెట్టెతో పోల్చి చూడుడు. అచ్చట పేరును అడుగలేదు గాని, తాళపుచెవి ఎవరిచేతిలో నుండరాదో వారిచేతిలోనే యుండెను. ఇచ్చట పేరును అడుగుదురు గాని, తాళపుచెవి దూరమున నుండును. అయితే ఈ తీర్మానము కేంద్ర ప్రభుత్వ శాఖలకు, కేంద్ర సంస్థలకు సంబంధించినది. పత్తి మిల్లుకు అది రాదు. ఇట్టి ఫిర్యాదిదారుల రక్షణకు పార్లమెంటు చేసిన చట్టమునకు 2014 మే నెలలో రాష్ట్రపతి ఆమోదము లభించినను, అది అమలులోనికి రాలేదు.

తాళపుచెవి సంగతి హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు కథలోను కలదు. 2008 డిసెంబరులో ఆ కంపెనీ లెక్కలు బూటకమని తెలుపుచు మారుపేరుతో ఒక జాబు కంప్యూటరు మూలమున వచ్చినది. అది అధ్యక్షుని గదికి పోలేదు. బయటి డైరెక్టరైన ఆచార్య కృష్ణ పాలెపుకు చేరినది. ఆయన దానిని లెక్కల తనిఖీ సంఘపు అధ్యక్షునికి పంపెను. కొలది దినములకే, 2009 జనవరి 7న, రామలింగరాజు తానే లేఖ వ్రాసి, పుస్తకములలో చూపిన నిలువలో 5,040 కోట్ల రూపాయలు లేనివని ఒప్పుకొనెను. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా తేల్చినది. అన్ని సంవత్సరములు లెక్కలు వ్రాసిన గుమాస్తాలు ఎందరో యుందురు గదా, వారు అంతకు పూర్వము ఏల నోరు విప్పలేదని జనులు అడిగిరి. మేము అడుగలేదు. పట్టీ ఇచ్చిన చేతులు మావి.

తరువాత వచ్చిన 2013 కంపెనీల చట్టము, షేర్లు బజారులో అమ్ముడగు కంపెనీలకు ఇట్టి ఏర్పాటు తప్పనిసరి చేసినది. అవసరమైనచో ఉద్యోగి నేరుగా తనిఖీ సంఘపు అధ్యక్షుని చేరు వీలుండవలెనని విధించినది. ఐరోపా సమాఖ్య 2019లో మరియొక మెట్టు ఎక్కినది. ఫిర్యాదు చేసినవారికి పిమ్మట కీడు జరిగినచో, అది ఫిర్యాదు మూలమున కాదని నిరూపించు భారము యజమానిపైననే పెట్టినది. మా మిల్లు గేటువద్ద ఆ నియమమే యున్నచో, పని తక్కువగా నున్నదన్న మాటకు మేనేజరు లెక్క చూపవలసియుండెడిది. ఆ వారమున బేళ్ళు తగ్గలేదు. ఆ పుస్తకమును వ్రాసినవారము మేమే.

స్త్రీలను లైంగికముగా వేధించు విషయమున 2013లో వేరొక చట్టము వచ్చినది. ఇందులో పేరు దాచుటకు వీలు లేదు. ఫిర్యాదు ప్రతిని ఎదుటివానికి ఇయ్యవలెను, అతని సమాధానము వినవలెను, అది న్యాయమే. పేరు బయటి లోకమునకు పొక్కరాదని మాత్రము నిషేధము కలదు. విచారణ జరుగుచుండగా ఆమె కోరినచో వేరొక చోటికి మార్చుటకో, మూడు నెలల వరకు సెలవిచ్చుటకో సిఫారసు చేయవచ్చును. ఫిర్యాదును మూడు నెలల లోపల ఇయ్యవలెను. పదిమందికి తక్కువ పనివారున్న చోటను, యజమానియే తప్పు చేసిన చోటను, జిల్లాలోని స్థానిక కమిటీని ఆశ్రయింపవచ్చును. 2022 ఏప్రిలులో పల్నాడు జిల్లా ఏర్పడినది మొదలు జిల్లా కేంద్రము నరసరావుపేటయే. మాచర్లవారు గుంటూరు వరకు పోవలసిన పని లేదు.

ఆ చట్టము ప్రకారము, కమిటీని నియమించిన ఉత్తరువును యజమాని అందరికి కనబడుచోట ప్రదర్శింపవలెను. మీ యింటినుండి ఎవరైనను మిల్లుకో, కోల్డు స్టోరేజీకో పనికి పోవుచున్నచో, ఆ కాగితము గోడమీద నున్నదో లేదో నేటి సాయంకాలము అడిగి చూడుడు.