అనాథల పళ్లెం మన అమానతు



వలీమా ముగిసిన పిదప దేగ్‌లో మిగిలిన బిర్యానీని అర్ధరాత్రి అనాథాశ్రమానికి పంపి, సదఖా చేశామని మనం తృప్తి చెందుతున్నాము. ఆ అన్నం మధ్యాహ్నం వండినది. ఉక్కపోతలో గంటల తరబడి నిలిచినది. మరునాడు పసివారు వాంతులతో మంచం పడితే, ఆ లెక్క ఎవరి కర్మపత్రంలో వ్రాయబడుతుంది?

దివ్య ఖుర్ఆన్ ఆహారాన్ని గురించి ఆదేశించేటప్పుడు హలాల్‌తో పాటు తయ్యిబ్ అనే పదాన్నీ జోడించింది. జిబహ్ సక్రమంగా జరిగినంత మాత్రాన మన బాధ్యత తీరదు. ఆహారం పరిశుద్ధంగానూ ఉండాలి. మనకే ఇస్తే కళ్లు మూసుకుని తప్ప స్వీకరించని దానిని దానానికి ఎంచరాదని బఖరా సూరా హెచ్చరించింది. రాత్రివేళ పాత్రలపై మూతలు ఉంచమని దైవప్రవక్త (స) ఉపదేశించారు.

నిలువ అన్నంలో కొన్ని సూక్ష్మక్రిములు పుట్టించే విషం మళ్లీ వేడిచేసినా నశించదు. కనుక ఆశ్రమ వంటశాలలో వేడి పదార్థాలను 60 డిగ్రీలకు పైన, చల్లని వాటిని 5 డిగ్రీల లోపున ఉంచాలి. వంటవారు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పచ్చి మాంసానికి కత్తి, పలక వేరుగా ఉండాలి. విరేచనాలతో బాధపడే వంటమనిషికి సెలవు ఇవ్వాలి. ఆ రోజు కూలి కోయరాదు. కూలి పోతుందన్న భయమే జబ్బును దాచిపెట్టిస్తుంది.

సోదరులారా! ఇకపై అనాథల భాగాన్ని విందు మొదలుకాక మునుపే వేరు చేసి, వేడివేడిగా పంపుదాము. మిగిలినది కాదు, మొదటిది ఇద్దాము.

అల్లాహ్ మన సదఖాలను పరిశుద్ధపరచి స్వీకరించుగాక! ఆమీన్.